గోడకు బిగించిన వంటిల్లు ఎవరిది?

టెక్కలిలో ఒక పంచాయితీకి వెళ్లాను. నలుగురు పెద్దమనుషులు, రెండు వైపుల బంధువులు, అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలు. పెళ్లయి పదకొండేళ్లయిన మనిషి ఇద్దరు పిల్లల్ని తీసుకుని కన్నవారింటికి వచ్చేసింది. తిరిగి వెళ్లనంటోంది. ఎందుకు వెళ్లదో అక్కడెవరూ అడగలేదు, అందరికీ తెలిసిందే. ఆ రోజు తేలవలసింది సామాన్ల సంగతి. మంచం, బీరువా, ఫ్రిజ్, మిక్సీ, గ్రైండరు, ఇత్తడి బిందెలు, పెనాలు అని జాబితా చదువుతూ ఉంటే అత్తవారి వైపు వాళ్లు ఒక్కొక్కదానికి తలూపుతూ వచ్చారు. వంటింటి దగ్గరకొచ్చేసరికి తలలు ఆగిపోయాయి.

మూడేళ్ల క్రితం ఆమె, పెళ్లిలో కన్నవారు పెట్టిన గొలుసు అమ్మి, పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు దానికి కలిపి, ఆ ఇంట్లో కొత్త వంటిల్లు చేయించింది. గ్రానైటు గట్టును కోసి అందులో దింపిన నాలుగు బర్నర్ల పొయ్యి, దాని మీద గోడకు చిమ్నీ, అరలో కూర్చోబెట్టిన ఓవెను, గోడకే బిగించిన నీళ్ల ఫిల్టరు, చుట్టూ చెక్క అరలు. బిల్లు ఆమె పేరునే ఉంది. సంఘానికి నెలనెలా వాయిదా ఇప్పటికీ ఆమే కడుతోంది. ఒక పెద్దమనిషి ఆ బిల్లు అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి ఆమె చేతికిచ్చేశాడు. "గోడకున్నది ఇంటిదే కదమ్మా. గోడ పీకి అట్టుకెల్తావేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన చెడ్డవాడేమీ కాదు, అంతకుముందు ఫ్రిజ్ విషయంలో ఆమె తరఫునే గట్టిగా మాట్లాడాడు.

ఆమె నా వైపు చూసింది. చదువుకున్న మనిషిని, చట్టాల మీద శిక్షణ తరగతులు చెప్పే మనిషిని అనే నన్ను వెంట తీసుకెళ్లింది. నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లుగా ఇంటి చాకిరీ మీద, ఆస్తి మీద రాస్తూ వచ్చాను. వంటింట్లో ఏది గోడకు బిగించి ఉంది, ఏది విడిగా ఉంది అన్న ప్రశ్న ఏనాడూ నాకు తట్టలేదు. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి వచ్చింది.

గోడకు బిగించే పరికరాలు మంచివా, విడిగా ఉండేవి మంచివా అన్న ప్రశ్న ఆదివారం అనుబంధాల్లో కనిపిస్తూనే ఉంటుంది. అక్కడ దాన్ని అభిరుచి వ్యవహారంగా చర్చిస్తారు. బిగించినవైతే చూడటానికి ఒక్క తీరుగా ఉంటాయి, మూలల్లో దుమ్ము చేరదు, చోటు కలిసివస్తుంది. విడివైతే ధర తక్కువ, చెడిపోతే బాగు చేయించడం తేలిక, ఇల్లు మారితే వెంట వస్తాయి. ఆ చివరి మాటను అద్దె ఇళ్లవాళ్లకు చెప్పే సలహాలాగా చెప్పి వదిలేస్తారు. నేనడిగేది ఒక్కటే. తన అత్తవారింట్లో ఉన్న స్త్రీ అద్దెకున్న మనిషి కాక మరేమిటి? అద్దెకున్నవాడికి కనీసం ఒక ఒప్పందం ఉంటుంది, అడ్వాన్సు తిరిగొస్తుంది.

కాబట్టి నా మాట సూటిగానే చెబుతాను. ఇల్లు తన పేరున లేని స్త్రీ తన డబ్బును ఆ ఇంటి గోడకు బిగించకూడదు. ఆ పనికి మన సంఘాలు అప్పులివ్వకూడదు, ఇచ్చినా మంచి వంటిల్లు వచ్చిందని మురిసిపోయి నివేదికల్లో రాసుకోకూడదు.

ఇది పట్నం వాళ్ల గొడవ, ఉద్దానంలో దీనికేం పని అని కొందరు మిత్రులు అనవచ్చు. వాళ్లు పలాస, కాశీబుగ్గ రోడ్ల మీద ఒకసారి నడిచి చూస్తే బాగుంటుంది. జీడి వ్యాపారం డబ్బు, బయటి రాష్ట్రాలకూ గల్ఫుకూ వలసపోయిన మగవాళ్లు పంపే డబ్బు శ్లాబు ఇళ్లవుతోంది. ఆ ఇళ్లలో వంటగట్టు ఇంటి పరువుకు గుర్తు. నీలి గ్రానైటుకు పేరుపడ్డ టెక్కలిలో గట్టు మీద రాయికి కొదవేముంది? మేస్త్రీ ప్లాను చెప్పేటప్పుడే "ఇక్కడ చిమ్నీ, ఇక్కడ ఓవెను" అని గోడలో కన్నాలు వదిలేస్తున్నాడు. మగవాడి డబ్బు పునాదికి, శ్లాబుకు పోతుంది. ఆడమనిషి చేతిలో గొలుసో సంఘం అప్పో ఉంటే అది వంటింటికి పోతుంది. "వంటిల్లు నీదే కదా, నీకు నచ్చినట్టు చేయించుకో" అంటారు. ఆ మాటలో ఎంత ప్రేమ ఉందో అంత మోసమూ ఉంది. వంటింట్లో చాకిరీ ఆమెది. వంటిల్లు ఆమెది కాదు. ఇంటి పన్ను రసీదు మీద ఎవరి పేరుందో చూస్తే అది ఎవరిదో తెలుస్తుంది.

ఇక చట్టం సంగతి. స్త్రీధనం భార్య సొంత ఆస్తి అనీ, అది అత్తవారింట్లో ఉన్నంత మాత్రాన ఉమ్మడి ఆస్తి కాదనీ, భర్తగాని అతని వాళ్లుగాని దాన్ని నమ్మకం మీద దగ్గర పెట్టుకున్నవాళ్లేననీ 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తిరిగివ్వకపోతే నమ్మకద్రోహం నేరం. ఈ తీర్పు పట్టుకుని మనలో చాలామందిమి బీరువాలు, మంచాలు, బిందెలు విడిపించాం. అవి విడిపించగలిగాం, ఎందుకంటే వాటిని వేలుతో చూపించి ఇది నాది అనవచ్చు, నలుగురు మనుషులు మోసి లారీలో పెట్టవచ్చు.

గోడకు బిగించిన దగ్గర పేచీ వస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం మూడో సెక్షన్లో, భూమికి అంటి ఉన్నది అంటే ఏమిటో మూడు రకాలుగా చెప్పారు. చెట్టులాగా నేలలో వేళ్లు పాతుకున్నది ఒకటి. గోడలాగా నేలలో పాతినది రెండోది. అలా పాతినదాన్ని శాశ్వతంగా అనుభవించడానికి వీలుగా దానికి బిగించినది మూడోది. గట్టులో దింపిన పొయ్యి ఈ మూడో రకంలో చేరిందా, ఇక అది ఇంటిలో భాగం, ఇల్లెవరిదో వాళ్లదే. చేరదని వాదించడానికీ చోటుంది. కోర్టులు రెండు సంగతులు చూస్తాయి: ఎంత గట్టిగా బిగించారు, ఏ ఉద్దేశంతో బిగించారు.

ఈ వాదనకు తెలుగు నేల మీదే ఒక మంచి ఉదాహరణ ఉంది. సిర్పూరు కాగితం మిల్లు కేసు అది, 1998 నాటి లా రిపోర్టుల్లో దొరుకుతుంది. కాగితం చేసే యంత్రాన్ని కాంక్రీటు దిమ్మలో బిగించాం, అది స్థిరాస్తి అయిపోయింది, కాబట్టి దాని మీద ఎక్సైజు సుంకం పడదని మిల్లు వాదించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. యంత్రం ఊగకుండా నడవడానికి దిమ్మ మీద నిలబెట్టారు, విప్పి అమ్ముకోవచ్చు, కాబట్టి అది సరుకే, సుంకం కట్టవలసిందేనంది. ప్రభుత్వానికి పన్ను కావలసి వచ్చినప్పుడు కాంక్రీటులో దిగిన కాగితం యంత్రం కదిలే వస్తువైంది. నాలుగు మరలతో గోడకు వేలాడే చిమ్నీ ఒక స్త్రీకి కావలసి వచ్చినప్పుడు మాత్రం కదలని ఇల్లయిపోయింది. టెక్కలి అరుగు మీద ఆ రోజు ఈ తీర్పు నాకు గుర్తు రాలేదు. వచ్చి ఉంటే ఆ పెద్దమనిషి ఏమనేవాడో తెలియదు గాని నవ్వడం మాత్రం ఆపేవాడు.

అయితే తీర్పు ఉంది కదా అని ధైర్యపడి లాభం లేదు. విప్పి తెచ్చుకున్నా ఏం మిగులుతుంది? విడి గ్యాసు పొయ్యి ఏ ఇంట్లో పెట్టినా మండుతుంది. గట్టులో దింపిన పొయ్యికి ఆ కొలతకు కోసిన గట్టు కావాలి. చెక్క అరలు ఆ గోడ కొలతకే పుట్టాయి, పీకితే సగం ముక్కలే. బిగించడానికి పెట్టిన ఖర్చు, కోత కూలి, పైపులు, వైరింగు ఏ లారీకీ ఎక్కవు. ఆమె గొలుసులో పెద్ద భాగం ఆ గోడలో కరిగిపోయింది. ఇంకొకరి ఇంటి మీద డబ్బు ఖర్చు పెట్టినంత మాత్రాన ఆ ఇంట్లో దానంతట అది వాటా పుట్టదు.

స్థిరం, చరం అన్న ఈ పంపకం కొత్తది కాదు. పాత పెంకుటిళ్లలో రోలు నేలలో పాతి ఉండేది. కత్తిపీట, సన్నికల్లు, విసుర్రాయి, చేటలు, గిన్నెలు కదిలేవి. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు కోడలు తన కత్తిపీట, గిన్నెలు తీసుకుని వెళ్లేది, రోలు అత్తగారి ఇంట్లోనే ఉండిపోయేది. సారెలో వచ్చేవన్నీ కదిలే వస్తువులే. ఆడపిల్లకు కదిలేవి, మగపిల్లవాడికి నేల, గోడ. ఉమ్మడి రాష్ట్రంలో 1985 నుంచి అమలైన సవరణతో, దేశమంతటా 2005 సవరణతో హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి సమాన వాటా వచ్చింది. కాగితం మీద వచ్చింది. ఉద్దానంలో ఎంతమంది అక్కచెల్లెళ్లు ఆ తోటలో తమ వాటా కొబ్బరికాయలు దింపించుకుంటున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పెళ్లిలో సన్నికల్లు తొక్కించేటప్పుడు చదివే మంత్రానికి అర్థం, ఈ రాయిలా స్థిరంగా ఉండు అని. మనిషినేమో స్థిరంగా ఉండమంటారు, ఆమె ఆస్తిని మాత్రం ఎప్పుడూ చరంగానే ఉంచారు. ఇప్పుడు ఆ చరాన్ని కూడా గోడకు కొట్టేస్తున్నారు.

వంటింటిని గోడకు కట్టి స్త్రీని బాగుచేద్దామన్న ఆలోచనకు గొప్ప చరిత్రే ఉంది. 1926లో మార్గరెట్ షుట్టె లిహాట్స్‌కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టిస్తున్న ఇళ్ల కోసం అరలు, గట్టు, సొరుగులు అన్నీ గోడలకు బిగించిన చిన్న వంటిల్లు గీసింది. ఆరున్నర చదరపు మీటర్లుండేది. నేటి మాడ్యులర్ వంటిళ్లన్నింటికీ అదే తల్లి. ఆమె వామపక్షవాది, స్త్రీల శ్రమ తగ్గించాలనే చేసింది. కానీ అందులో ఒక్క మనిషికే చోటు. రెండో మనిషి, అది భర్తే అయినా, చేయి వేద్దామంటే నిలబడే వీల్లేదు. పాత సామాను పట్టదు. ఆ వంటిల్లు గీసేనాటికి తాను ఎప్పుడూ వంట చేయలేదని ఆమే తర్వాత చెప్పుకుంది. అది నిజాయితీ. మనకు పథకాలు గీసిన పెద్దమనుషులు అదైనా చెప్పలేదు.

మన దగ్గర హైదరాబాదు ఇంజనీరింగు రీసెర్చి లేబొరేటరీలో ఎస్.పి. రాజు గారు గోడకు కట్టే మట్టి పొయ్యి, దానికి పొగగొట్టం తయారుచేసి, 1953లో పొగలేని వంటిళ్ల మీద పుస్తకమే వేశారు. ఆయన ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. ఆ తర్వాత 1980ల్లో మొదలై 2002లో ఆగిపోయిన కేంద్ర ప్రభుత్వ మెరుగైన పొయ్యిల కార్యక్రమం దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచింది. మన స్వచ్ఛంద సంస్థల్లో పాతవాళ్లకు ఆ టార్గెట్లు గుర్తుండే ఉంటాయి. వాటిలో గోడకు కట్టేవీ ఉన్నాయి, చేత్తో ఎత్తి పెట్టుకునేవీ ఉన్నాయి. కట్టేసినవాటిని ఎండాకాలం వాకిట్లోకి తెచ్చుకోవడానికి వీల్లేదు. గొట్టంలో మసి పేరుకుంటే తీసే దిక్కు లేదు. పొయ్యి నోటికి సరిపడేలా కట్టెను చిన్న ముక్కలుగా చీల్చాలి. ఉద్దానం ఆడవాళ్లు మండించేది నిలువెత్తు కొబ్బరి మట్టలు, డొక్కలు, జీడి కొమ్మలు. వాటిని చీల్చే పని ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఇక్కడ నా వాదనకు అనుకూలించని సంగతి కూడా చెప్పాలి. గోడకు కట్టిన పొయ్యి పొగను బయటికి పంపేది, ఎత్తి పెట్టుకునే పొయ్యి కట్టె ఆదా చేసినా పొగను ఆమె కళ్లలోనే వదిలేది. బిగించినదానిలో మంచి లేదని నేననడం లేదు.

గ్యాసు వచ్చాక ఆ చిక్కు తీరింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది. ఈ పథకాల మీద మనకు ఎన్ని విమర్శలున్నా ఒక్క సంగతి ఒప్పుకోవాలి. కనెక్షను స్త్రీ పేరు మీద ఇచ్చారు. వస్తువు విడి వస్తువు. సిలిండరు, పొయ్యి, పుస్తకం. ఏటా మూడు సిలిండర్లు ఉచితమన్న రెండో దీపం పథకాన్ని 2024 నవంబరు 1న ముఖ్యమంత్రి మొదలుపెట్టింది మన ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలోనే. అత్తవారింట్లోంచి బయటికి వచ్చే మనిషి తన పేరున్న గ్యాసు పుస్తకం తీసుకుని రావచ్చు. మన ప్రాంతంలో చాలామంది ఆడవాళ్ల పేరు మీద ఆధారు, రేషను కార్డు కాకుండా ఉన్న కాగితం బహుశా అదొక్కటే. దాన్ని తీసుకెళ్లి కోసిన గట్టులో దింపిన పొయ్యికి తగిలించడం నాకు మనస్కరించదు.

బిగించిన వంటిల్లు చాకిరీ తగ్గిస్తుంది కదా అన్నది మిత్రుల ప్రధాన వాదన. తగ్గిస్తే మంచిదే. 2019లో జాతీయ సమయ వినియోగ సర్వే చేశారు. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. 2024 సర్వేలో స్త్రీలకు 289, పురుషులకు 88 నిమిషాలు వచ్చాయి. అయిదేళ్లలో మనకు పది నిమిషాలు తగ్గితే, మనలో మూడో వంతు పని కూడా చేయని వాళ్లకు తొమ్మిది నిమిషాలు తగ్గాయి. ఇందులో పరికరాల వాటా ఎంతో నేను లెక్క కట్టలేదు. చిమ్నీ వచ్చిన ఇంట్లో చిమ్నీ జల్లెడలకు పట్టిన నూనె జిడ్డు వేడినీళ్లలో నానబెట్టి తోమే పని కొత్తగా వచ్చిందని మాత్రం చూశాను. ఆ పని ఎవరి వాటాకు వచ్చిందో కూడా చూశాను.

గట్టు ఎత్తు సంగతి కూడా చెప్పాలి. మేస్త్రీ తనకు తెలిసిన ఒకే కొలతకు కడతాడు. పలాస జీడి పరిశ్రమల్లో పిక్కలు కొట్టి, తొక్క తీసి వచ్చిన ఆడవాళ్లను అడగండి. జీడి నూనెకు వేళ్లు కాలి నల్లబడి ఉంటాయి. పొద్దంతా ఒకే తీరున పనిచేసి నడుము పట్టేసి ఉంటుంది. కొందరు నిలబడి వంట చేయడమే హాయి అంటారు, పొద్దంతా కూర్చున్నారు కాబట్టి. కొందరు కాసేపు కూర్చుని చేసుకుంటామంటారు. విడి పొయ్యి అయితే పీట వేసుకుని కింద పెట్టుకోవచ్చు, మర్నాడు గట్టెక్కించవచ్చు. బిగించినది ఆమె నడుము మాట వినదు.

తుపాను మాట చెప్పకుండా ఉద్దానంలో ఇంటి గురించి మాట్లాడలేం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కరెంటు స్తంభాలు పడిపోయి రోజుల తరబడి ఊళ్లు చీకట్లో ఉన్నాయి. ఆ రోజుల్లో వంట ఎలా జరిగింది? మూడు ఇటుకల మీద, లేదంటే బడి వరండాలోకి మోసుకెళ్లిన సిలిండరు, రెండు బర్నర్ల పొయ్యి మీద. నలుగురు ఇళ్లవాళ్లు ఒకే పొయ్యి మీద వంతులు వేసుకుని వండుకున్నారు. గోడకున్నది బడి వరండాకు రాదు. తడిసి ఉబ్బిన చెక్క అరల సంగతి చెప్పనే అక్కర్లేదు. నష్టం జాబితాలో ఇంటి నష్టం ఇంటి యజమాని పేరున రాస్తారు. ఆ అరలు చేయించిన మనిషి పేరు ఎక్కడా రాయరు.

ఇంతవరకు రాసిన వాదన కవిటి వైపు ఒక ఊళ్లో సంఘం మీటింగులో చెప్పి నేను ఓడిపోయాను. ఓడిన తీరు చెప్పకుండా దాటేయడం న్యాయం కాదు. యాభై దాటిన ఒకామె లేచి ఇలా అంది.

"నాను కావాలనే గోడకి బిగించినాను అప్పా. విడిగున్నవన్నీ అయిపోనాయి. మిక్సీ తాగేసినాడు, గ్రైండరు తాగేసినాడు, ఇత్తడి బిందెలు నా పెళ్లినాటివి, అవీ తాగేసినాడు. గోడకున్నది ఎలాగ తాగుతాడు?"

మీటింగంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. నేను బడిలో చదువుకునే రోజుల్లో, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలో ఆడవాళ్లు చెప్పిన మాట ఇదే. ఇంట్లో గిన్నెలు సారాకొట్టుకు పోతున్నాయన్నారు. 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. గిన్నెలు మళ్లీ పోతున్నాయి. ఆమె పక్కనే కూర్చున్న ఇంకొకామె భర్తకు కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఎన్నో ఇళ్ల కథ అది, కారణం ఇదీ అని ఇప్పటికీ శాస్త్రవేత్తలు తేల్చలేదు. డయాలసిస్ రోజుల్లో ఆటో కిరాయికి మొదట అమ్మింది ఫ్రిజ్, తర్వాత కుట్టుమిషను. గోడకున్న ఫిల్టరు మాత్రం మిగిలింది. "అదీ విడిగుంటే అమ్మేసేదాన్నే, నానే అమ్మేసేదాన్ని" అంది. పలాసలో కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అంతకుముందు అమ్మేసిన కుట్టుమిషన్లు తిరిగి రాలేదు.

ఆ ఇద్దరి ముందు నా సిద్ధాంతం చిన్నదైపోయింది. విడి వస్తువు ఆమె వెంట రాగలదు. అందుకే ఆమె లేనప్పుడు గడప దాటి పోగలదు కూడా. గోడకున్నది తాగుబోతు చేతికి చిక్కదు. అందుకే ఆమె చేతికీ చిక్కదు. ఆ ఇంట్లోనే ఉండిపోతానని నిశ్చయించుకున్న మనిషికి గోడ కాపలా కాస్తుంది. బయటికి రావలసిన మనిషికి గోడ దొంగ అవుతుంది. ఎవరి ఇంట్లో ఏ ప్రమాదం పెద్దదో వాళ్లకే తెలుసు. కవిటి ఆమెకు విడివి కొనుక్కోమని చెప్పే అధికారం నాకు లేదు.

ఇంత ఒప్పుకుని కూడా మన సంఘాల మీద నా ఫిర్యాదు వెనక్కు తీసుకోను. మనం అప్పు ఫారం మీద "గృహోపకరణాలు" అని ఒక్క మాట రాసి ఊరుకుంటున్నాం. ఆ డబ్బు కదిలే వస్తువైందా, మగవాడి గోడైందా అని అడగడం లేదు. ఆమె ఎప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటుందన్న నమ్మకం మన ఫారాల్లో ముందే అచ్చయి ఉంది. హింస మీద తరగతులు చెప్పే మనమే, బయటికి రావలసిన రోజు ఒకటి ఉండవచ్చునన్న సంగతి అప్పు ఇచ్చేటప్పుడు మరిచిపోతున్నాం. ఇంటిస్థలం పట్టా ఆమె పేరున ఉంటే సంగతి వేరు. 2020 డిసెంబరు నుంచి రాష్ట్రంలో పంచిన ఇళ్లస్థలాల పట్టాలు స్త్రీల పేరున ఇచ్చారు. అలాంటి ఇంట్లో చిమ్నీ కాదు, కావాలంటే బంగారమే గోడకు బిగించుకోవచ్చు. పట్టా మామగారి పేరునో భర్త పేరునో ఉన్నప్పుడు, గట్టు కోయడానికి ముందు ఒక కాగితం అడగడం మన బాధ్యత. ఈ వంటింటికి ఇంత డబ్బు ఫలానా ఆమెది, ఆమె ఈ ఇంట్లో ఉండని పరిస్థితి వస్తే ఇంత తిరిగి ఇస్తాం అని. "అలాంటి కాగితం అడిగితే సంసారంలో చిచ్చు పెట్టినట్టు కాదా?" అని మన కార్యకర్తే ఒకామె నన్నడిగింది. బ్యాంకువాడు ఆ మగవాడికి అప్పిచ్చేటప్పుడు పది కాగితాల మీద సంతకం పెట్టించుకుంటే ఏ సంసారంలోనూ చిచ్చు రాలేదు.

కాగితం లేకుండా ఇప్పటికే బిగించేసినవాళ్ల మాటేమిటి? 2005 గృహహింస చట్టం కింద వేసే పిటిషన్లలో మనం సాధారణంగా 19వ సెక్షను ఎనిమిదో ఉపసెక్షను కింద స్త్రీధనం, ఇతర ఆస్తి తిరిగి ఇప్పించమని అడుగుతాం. గోడకున్నవాటిని వదిలేస్తాం. వదలనక్కర్లేదు. అదే చట్టం 20వ సెక్షనులో, ఆమె చేతిలోంచి పోయిన ఆస్తి వల్ల కలిగిన నష్టానికి డబ్బు ఇప్పించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. వస్తువు రాకపోతే దాని విలువ అడగవచ్చు. మామగారి ఇంట్లో ఆమెకు నివాస హక్కే లేదన్న పాత మాటను కూడా 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఇల్లు భర్త బంధువులదైనా, అందులో కాపురం చేసిన మనిషి అక్కడ ఉండే హక్కు అడగవచ్చు. ఉండే హక్కు ఉంటే ఆ గోడ, ఆ పొయ్యి వాడుకునే హక్కూ ఉన్నట్టే. టెక్కలి ఆమె ఆ ఇంట్లో ఉండనంటోంది, అది ఆమె ఇష్టం.

ఇప్పుడామె కాశీబుగ్గలో ఒక గది అద్దెకు తీసుకుంది. జీడి పరిశ్రమలో పనికి వెళుతోంది. గదిలో చెక్కబల్ల మీద రెండు బర్నర్ల పొయ్యి, కింద తన పేరున్న సిలిండరు. సంఘం అప్పు వాయిదాలు ఇంకా పధ్నాలుగు నెలలున్నాయి. ఇంకొకరి ఇంట్లో ఇంకెవరో వాడుతున్న వంటింటికి ఆమె నెలనెలా కడుతోంది. మేజిస్ట్రేటు కోర్టులో పిటిషను వేశాం. వస్తువుల జాబితాలో చిమ్నీ ఎలా రాయాలా అని లాయరుగారూ నేనూ ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం. ఆయన "గోడకు అమర్చిన చిమ్నీ" అని రాశారు. నేను కొట్టేసి "మరలతో బిగించిన, విప్పడానికి వీలైన చిమ్నీ ఒకటి, బిల్లు జతపరచడమైనది" అని రాయించాను. గట్టులో దింపిన పొయ్యికి మాత్రం మాకిద్దరికీ మాట దొరకలేదు, విలువ రాసి ఊరుకున్నాం.